మనసుకు వైద్యం చేసేవాళ్ల అలసట ఒక్క రకం కాదు

టెక్కలిలోనో బొబ్బిలిలోనో ఓపీ చూసే సైకియాట్రిస్టు, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రంలో కౌన్సెలర్, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద పల్లెలు తిరిగే సోషల్ వర్కర్, ఉద్దానంలో డయాలసిస్ నర్సు... వీళ్లలో ఎవరిని కదిపినా "స్ట్రెస్ ఎక్కువైపోయిందండి" అనే అంటారు. ఆ ఒక్క మాట వెనక నాలుగు వేర్వేరు ఇబ్బందులుంటాయి. ఒకరికి పని మోత. ఇంకొకరికి పగలు విన్నవి రాత్రి కూడా వదలకపోవడం. మరొకరికి ఏం చేయాలో తెలిసీ చేయలేకపోవడం. నాలుగో మనిషికి ఉన్నది చికిత్స అవసరమైన డిప్రెషన్. వీటన్నిటికీ కలిపి ఏడాదికోసారి యోగా తరగతి, ఒక పూట స్ట్రెస్ మేనేజ్‌మెంట్ శిక్షణ పెట్టడం మన ఆసుపత్రుల్లో ఆనవాయితీ అయింది. ఆ పూట గడిచాక ఎవరి బాధ వాళ్ల దగ్గరే ఉంటోంది. ఏ బాధ ఎక్కడ పుడుతోందో విడదీసి చూస్తే తప్ప ఏది తగ్గిస్తుందో తేలదు.

పని వల్ల మనిషి నిలువునా అలసిపోవడాన్ని బర్నౌట్ అంటారు. ఆ మాటకు ఈ అర్థం వచ్చింది 1974లో. న్యూయార్క్‌లో మత్తు అలవాటు పడినవాళ్లకు ఉచితంగా వైద్యం చేసే క్లినిక్‌లో పనిచేస్తూ, తోటి సేవకులు నెలల వ్యవధిలో ఎలా నీరుగారిపోతున్నారో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త రాశాడు. అంటే ఈ ఆలోచన పుట్టిందే మనసుకు సాయం చేసేవాళ్ల మధ్య. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ కలిసి దాన్ని కొలిచే 22 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా అయిన ఐసీడీ-11 వర్గీకరణ 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో బర్నౌట్‌ను జబ్బుగా చేర్చలేదు, ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగా చేర్చారు. దానికి మూడు లక్షణాలు చెప్పారు: శక్తి హరించుకుపోవడం, పని మీద దూరం లేదా విముఖత పెరగడం, పని సరిగా చేయగలుగుతున్నానన్న నమ్మకం తగ్గడం.

ఈ మూడింటిలో పక్కవాళ్లకు కనిపించేది రెండోది. ఒకప్పుడు "నిద్ర పడుతోందా? అన్నం సయిస్తోందా? పొలం వైపు వెళ్తున్నావా?" అని అడిగిన డాక్టరు ఇప్పుడు "మందులు వేసుకుంటున్నావా?" అని ఒక్కటే అడిగి పాత చీటీ తిరగరాస్తాడు. సింహాచలం అనో, పైడితల్లి అనో పేరుతో గుర్తున్న రోగి "ఆ బైపోలార్ కేసు" అయిపోతుంది. బయటినుంచి చూస్తే అది పొగరులా, నిర్లక్ష్యంలా ఉంటుంది. నిజానికి మిగిలిన కాస్త శక్తినీ కాపాడుకోవడానికి మనసు వేసుకున్న తలుపు అది. సూపరింటెండెంట్లు దీన్ని క్రమశిక్షణ సమస్యగా చూసి మెమో ఇస్తే తలుపు ఇంకాస్త బిగుసుకుంటుంది.

ఐదు నిమిషాల లెక్క

ఓపీ ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా అనుకుందాం. 300 నిమిషాలు. 60 మంది వస్తే తలకు ఐదు నిమిషాలు. చీటీ చూసి, రాసి, ఆన్‌లైన్‌లో ఎక్కించేసరికి రెండు నిమిషాలు పోతాయి. "ఏటోనండి, గుండెల్లో దడదడలాడతంది, బుర్రంతా వేడెక్కిపోతంది" అని మొదలుపెట్టిన ఆడమనిషి అసలు సంగతికి రావడానికి మిగిలిన మూడు నిమిషాలూ చాలవు. కొడుకు గుజరాత్‌లోని వెరావల్‌కు చేపల వేటకు వెళ్లి నెలల తరబడి సరిగా ఫోన్ చేయకపోవచ్చు. ఇంటాయన తాగి కొడుతుండవచ్చు. అది బయటపడేలోపు తర్వాతి పేరు పిలిచేస్తారు. కొత్త రోగి చరిత్ర పద్ధతిగా తీసుకోవాలంటే 30 నుంచి 45 నిమిషాలు కావాలి. అంత సమయం కావాలని చదువులో నేర్చుకున్న మనిషి, రోజుకు అరవై సార్లు ఆ చదువును పక్కనపెట్టాల్సి వస్తోంది. ఈ రద్దీలో మనసును ఎక్కువగా అరగదీసేది అదే.

2011 జనాభా లెక్కల ప్రకారం పాత శ్రీకాకుళం జిల్లాలో 27 లక్షలు, పాత విజయనగరం జిల్లాలో 23 లక్షల పైచిలుకు జనం. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా వేరుపడినా రోగులు అవే ఆసుపత్రులకు వస్తున్నారు. దేశంలో లక్ష మందికి సుమారు 0.75 మంది సైకియాట్రిస్టులు ఉన్నారని, కనీసం ముగ్గురు ఉండాలని నిపుణులు లెక్కగట్టారు. ఆ సగటు ప్రకారం చూసినా పాత రెండు జిల్లాలకూ కలిపి 38 మంది ఉండాలి. ఉండాల్సినంత మంది అంటే 150. కానీ నిపుణులు చేరేది పెద్ద నగరాల్లో. ఈ ప్రాంతానికి అది విశాఖపట్నం. ఇచ్ఛాపురం నుంచి చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి 200 కిలోమీటర్లకు పైనే.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన 2015-16 జాతీయ సర్వేలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఇప్పుడు ఓపీలో కనిపించేది అసలు అవసరంలో చిన్న ముక్క. అందుకే అవగాహన ర్యాలీ విజయవంతమైన ప్రతిసారీ లోపల కూర్చున్న మనిషి మీద బరువు పెరుగుతుంది. ర్యాలీలు మానమని కాదు. ర్యాలీకి ముందే, అదనంగా వచ్చేవాళ్లను ఎవరు చూస్తారో కాగితం మీద రాసి ఉండాలి.

ఓపీ గదిలో ఇంకో మాయ కూడా ఉంది. బాగుపడినవాళ్లు మళ్లీ రారు. గుణమయ్యి హైదరాబాదులో తాపీ పనికి వెళ్లిపోయిన కుర్రాడు డాక్టరుకు కనిపించడు. మందులు మానేసి తిరగబెట్టినవాడు మాత్రం నెలనెలా కనిపిస్తాడు. ఏళ్ల తరబడి ఇలా చూసిన మనిషికి "నా వైద్యంతో ఎవరూ బాగుపడరు" అనిపించడం సహజం. 1984లో ప్యాట్రిషియా కోహెన్, జేకబ్ కోహెన్ దీన్ని 'వైద్యుడి భ్రమ' అని వివరించారు. విరుగుడు చాలా చవక. నెలకోసారి ఆర్నెల్ల కిందటి ఓపీ రిజిస్టరు తీసి, కళ్లు మూసుకుని పది పేర్లు ఏరాలి. ఆ ఊళ్ల ఏఎన్‌ఎంకో ఆశా కార్యకర్తకో "ఈమె ఎలా ఉంది?" అని మాత్రమే అడగాలి. రోగి ఏ జబ్బుకు వచ్చిందో చెప్పకూడదు. ఆ సంగతి వాళ్లకు ముందే తెలిసి, ఆ కుటుంబంతో వాళ్లే నడుస్తున్నచోట మాత్రమే ఇలా అడగాలి. మిగతాచోట్ల రోగికే ఫోన్ చేయడం మేలు. పదిమందిలో మానేసినవాళ్లు దొరికితే చికిత్సకూ పనికొస్తుంది. బాగున్నవాళ్లు ఉన్నారని తెలియడం మాత్రం వైద్యుడి కోసం.

విన్నది వెంటాడటం

ఇది బర్నౌట్ కాదు. పని తక్కువున్నా రావచ్చు. ఒక్క కేసుతోనూ రావచ్చు. పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) కేసులో పాప చెప్పింది రాసుకున్న కౌన్సెలర్‌కు, ఇంట్లో తన కూతురికి జడ వేస్తుండగా ఆ మాటలు చెవిలో వినిపిస్తాయి. బడి వ్యాను ఐదు నిమిషాలు ఆలస్యమైతే కాళ్లూ చేతులూ ఆడవు. ఆ పాప ఊరిమీదుగా వెళ్లాల్సి వస్తే వేరే బస్సు ఎక్కుతుంది. గుర్తులు మళ్లీమళ్లీ రావడం, తప్పించుకు తిరగడం, ఉలిక్కిపడటం: దెబ్బ తిన్నవాళ్లకు వచ్చే లక్షణాలే విన్నవాళ్లకూ వస్తాయి. దీన్ని ద్వితీయ ఆఘాతం అంటారు. ఏళ్లు గడిచేకొద్దీ లోకం మీద నమ్మకమే మారిపోవడం దీని దీర్ఘరూపం. "ఏ మగాణ్నీ నమ్మలేం" అనేది మాటవరసకు కాక లోపలి నిశ్చయం అయిపోతుంది.

ఈ ప్రాంతంలో ఇది రెట్టింపవడానికి కారణం, సాయం చేసేవాళ్లూ బాధితులే కావడం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస, వజ్రపుకొత్తూరు, మందస వైపు కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసినప్పుడు, మర్నాటి నుంచి శిబిరాల్లో జనానికి ధైర్యం చెప్పిన ఏఎన్‌ఎంల ఇళ్ల రేకులూ ఎగిరిపోయి ఉన్నాయి. 2023 అక్టోబర్ 29న కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజర్ రైళ్లు ఢీకొన్నప్పుడు, ఆ రైళ్లలో రోజూ విశాఖ వెళ్లొచ్చే జనంలో ఆసుపత్రుల సిబ్బంది బంధువులూ ఉంటారు. పేరు పిలిచి గాయం కట్టాల్సిన మనిషి తెలిసినవాడైతే, డ్యూటీ అయిపోయాక కూడా డ్యూటీ అవదు.

డయాలసిస్ నర్సులను మానసిక ఆరోగ్య సిబ్బందిగా ఎవరూ లెక్కేయరు. ఉద్దానంలో మాత్రం లెక్కేయాలి. కవిటి, సోంపేట, కంచిలి చుట్టుపక్కల మూత్రపిండాల జబ్బు ఇంటింటి సంగతి. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం వచ్చాయి. ఒక రోగి సాధారణంగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మిషన్ మీద ఉంటాడు. ఏడాదికి 600 గంటల పైన. చుట్టాలకంటే ఎక్కువగా ఆ నర్సుతోనే గడుపుతాడు. కూతురి పెళ్లి ఖర్చు, అమ్మేసిన జీడితోట, "ఇంక చాలమ్మా, మానేస్తాను" అనే మాట, అన్నీ ఆమెతోనే. ఒకరోజు అతను రాడు. మరుసటి షిఫ్టుకే ఆ మంచం మీద కొత్త పేరు. దుఃఖానికి ఇక్కడ చోటు లేదు. చేయగలిగింది చిన్నదే. షిఫ్టు మారేటప్పుడు పది నిమిషాలు ఆ మనిషి పేరు తలిచి మాట్లాడుకోవడం, కుటుంబానికి ఒక నర్సు డ్యూటీ సమయంలోనే ఫోన్ చేయడం, ఆ ఫోన్ ప్రతిసారీ ఒకరి మీదే పడకుండా చూడటం.

కౌన్సెలింగ్ చేసేవాళ్లకైతే లెక్కలో జాగ్రత్త కావాలి. హింస, అత్యాచారం, ఆత్మహత్యాయత్నం వంటి బరువైన కేసులు రోజుకు రెండు, మహా అయితే మూడు. రోజులో ఆఖరి కేసు బరువైనది కాకూడదు, ఎందుకంటే దాన్ని ఇంటికి మోసుకెళ్తారు. రెండు కేసుల మధ్య పది నిమిషాల ఖాళీ ఉంచి, అందులో నోట్సు పూర్తిచేసి ఫైలు మూసేయాలి. రాయకుండా వదిలిన కేసు సాయంత్రమంతా బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. పిల్లలతో మాట్లాడే కేసులన్నీ "నువ్వైతే బాగా మాట్లాడతావు" అని ఒకే అమ్మాయికి అప్పగించడం చాలా కేంద్రాల్లో అలవాటు. రెండేళ్లలో ఆ అమ్మాయి ఉద్యోగం మానేస్తుంది.

తెలిసీ చేయలేకపోవడం

1984లో ఆండ్రూ జేమ్‌టన్ నర్సుల గురించి రాస్తూ దీన్ని నైతిక వేదన అన్నాడు. సరైనది ఏదో తెలుసు, వ్యవస్థ చేయనివ్వదు. ఇందులో అలసటకంటే కోపం, సిగ్గు ఎక్కువ.

వైకల్యాన్ని కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరమే దీనికి పెద్ద ఉదాహరణ. మానసిక వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటేనే పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. కొలిచేది ఐడియాస్ అనే స్కేలుతో: స్వయం సంరక్షణ, మనుషులతో సంబంధాలు, మాట-అవగాహన, పని అనే నాలుగింటికి 0 నుంచి 4 దాకా మార్కులు, జబ్బు ఎన్నాళ్లుగా ఉందన్నదానికి మరో 4 దాకా. మొత్తం 20కి 7 వస్తే 40 శాతం మొదలవుతుంది. ఇప్పుడు చిక్కు చూడండి. మూడేళ్లు కష్టపడి మందులు సర్దుబాటు చేసి, కుర్రాణ్ని స్నానం చేసి పనికి వెళ్లే స్థితికి తెచ్చిన డాక్టరు ముందుకే ఆ తల్లి వస్తుంది. "బాబూ, ఈ కాయితం ఒక్కటి రాసీండి, ఆడి మందులకే ఔతాయి" అంటుంది. స్కోరు 6. వైద్యం ఫలించింది కాబట్టే పింఛను పోతుంది. 7 వేస్తే అబద్ధం, వేయకపోతే ఆ ఇంటి ముద్ద తీసినట్టు. అలాంటివాళ్లు ఒక్క పూటలో ఎంతోమంది, మధ్యలో సిఫారసు ఫోన్లు.

దీన్ని వ్యక్తి ధైర్యం మీద వదిలేయకూడదు. చికిత్స చేసే డాక్టరు తన రోగికే సర్టిఫికెట్ రాయకుండా పొరుగు ఆసుపత్రి డాక్టరుతో మార్చుకునే ఏర్పాటు ఉండాలి. ఒక్కో అంశానికి వేసిన మార్కు విడివిడిగా రాయాలి, అప్పుడు ఫోన్ చేసినవాళ్లకు చూపించడానికి కాగితం ఉంటుంది. ఐడియాస్ గత నెలల పరిస్థితిని కుటుంబం మాటతో కలిపి చూడమంటుంది. గదిలోకి వచ్చిన ఆ ఐదు నిమిషాల్లో బాగా కనిపించాడని తక్కువ వేయడం కూడా తప్పే. ఓపీ రోజున శిబిరం పెట్టకపోవడం అన్నిటికంటే ముందు.

రెండో ఉదాహరణ మందుల నిల్వ. తీవ్రమైన మానసిక జబ్బులకు వాడే రిస్పెరిడోన్ అయిపోయిన నెల తర్వాత ఓపీ కిటకిటలాడుతుంది. ఆ తిరగబెట్టిన జబ్బులన్నీ ఆపగలిగినవే అని డాక్టరుకు తెలుసు. ఇండెంటు (మందులు కావాలని పంపే పత్రం) గతేడాది అంకె చూసి రాయడం వల్ల ఇది జరుగుతుంది. రోగుల సంఖ్య నుంచి లెక్కగట్టాలి: 2 మి.గ్రా. బిళ్ల రోజుకు రెండు చొప్పున 40 మంది వాడుతుంటే నెలకు 2,400, చేతిలో ఒక నెల అదనపు నిల్వ కలిపి 4,800. నిల్వ 2,400కు దిగిన రోజే సెంట్రల్ డ్రగ్ స్టోర్‌కు కొత్త ఇండెంటు వెళ్లాలి. అలాంటి జబ్బులకే ఇచ్చే మరో మందు క్లోజపిన్ వాడేవాళ్లకు మొదటి 18 వారాలు వారం వారం తెల్లకణాల పరీక్ష కావాలి. పరీక్ష కిట్లు లేని నెలలో ఆ మందు మొదలుపెట్టకూడదు. మొదలుపెట్టి మధ్యలో ఆపాల్సి వస్తే రోగికీ నష్టం, రాసిన చేతికీ నష్టం.

ఏది ఏదో ఎలా తెలుస్తుంది

వారం రోజులు సెలవు పెట్టినప్పుడు ఏం జరుగుతుందో గమనించడం మంచి మొదలు. మూడో రోజుకు కుదుటపడి, డ్యూటీలో చేరే ముందురోజు సాయంత్రం కడుపులో దేవినట్టయితే బర్నౌట్ వైపు చూడాలి. సెలవులోనూ ఒకే దృశ్యం, ఒకే గొంతు వెంటాడితే ద్వితీయ ఆఘాతం. ఒక నిర్ణయం, ఒక కాగితం, ఒక అధికారి గుర్తుకొచ్చి ఒళ్లు మండితే నైతిక వేదన. సెలవులో కూడా ఏదీ రుచించక, పిల్లలతో ఆడాలనిపించక, తెల్లారగట్ల నాలుగింటికే మెలకువ వచ్చి, "నేను దండగ" అనే ఆలోచన వదలకపోతే డిప్రెషన్ అని అనుమానించాలి. డిప్రెషన్‌ను కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టిక పీహెచ్‌క్యూ-9ను రోగులకు ఇచ్చేవాళ్లే తామూ నింపుకోవచ్చు. 27కి 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చినా, చనిపోవాలనిపించడం గురించిన తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక ఏది వచ్చినా, ఇంకొక డాక్టరుకు చూపించుకోవాలి. ముదిరిన బర్నౌట్‌కూ డిప్రెషన్‌కూ గీత ఎక్కడన్నది పరిశోధకులే ఇంకా వాదించుకుంటున్నారు. కాబట్టి అనుమానం ఉన్నప్పుడు డిప్రెషన్ అనుకుని పరీక్ష చేయించుకోవడమే మంచిది. దానికి చికిత్స ఉంది, ఆలస్యం చేస్తే ప్రమాదమూ ఉంది.

ఒకటి గట్టిగా చెప్పాలి. నిద్ర పట్టడం లేదని శాంపిల్ క్లోనజెపామ్ తనకు తానే వేసుకోవడం ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు చేయి చాపితే అందే పని. రోగికి రెండు నుంచి నాలుగు వారాలకు మించి ఇవ్వకూడదని తెలిసిన మందే అది. తన విషయంలో ఆ వారాలు లెక్కపెట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

ఏది తగ్గిస్తుంది

డాక్టర్ల బర్నౌట్ మీద 19 పరిశోధనలను కలిపి 2017లో ఒక సమీక్ష వచ్చింది. వ్యక్తికి ధ్యానం, ఓర్పు నేర్పే కార్యక్రమాలకంటే పని గంటలు, పని తీరు మార్చిన కార్యక్రమాలు ఎక్కువ ఫలితం ఇచ్చాయని అందులో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పనిచోటును మార్చడం, పై అధికారులకు శిక్షణ ఇవ్వడం గురించి చెబుతాయి. జిల్లా ఆసుపత్రిలో కొత్త పోస్టులు రేపే రావు. కానీ ఉన్న 300 నిమిషాలను వేరేగా పంచుకోవచ్చు.

కుదురుగా ఉన్న పాత రోగులకు వారంలో ఒక రోజు కేటాయించాలి. నర్సు ఆరు సంగతులు అడుగుతుంది: నిద్ర, తిండి, పని, మందు మానేసిన రోజులు, చేతుల వణుకు లేదా చొంగ కారడం, చనిపోవాలన్న ఆలోచన. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా డాక్టరు దగ్గరకు పంపుతుంది, లేదంటే డాక్టరు సంతకంతో మందులు తీసుకుని వెళ్తారు. మిగతా రోజుల్లో కొత్త కేసులు ఆరే, ఒక్కోదానికి అరగంట. అది 180 నిమిషాలు. మిగిలిన 120 నిమిషాల్లో 30 మంది పాతవాళ్లు. ఈ పద్ధతి కుప్పకూలేది అపాయింట్‌మెంట్ దగ్గర. మందస కొండల్లోంచి రెండు బస్సులు మారి వచ్చిన సవర గిరిజన కుటుంబాన్ని "రేపు రండి" అనలేం. అందుకే ఆ ఆరింటిలో రెండు, ముందుగా చెప్పకుండా దూరం నుంచి వచ్చేవాళ్లకు ఉంచాలి. సవర భాష తెలిసిన ఆశా కార్యకర్త ఫోన్ నంబరు గోడమీద ఉండాలి. మాట అర్థంకాక అరగంట గింజుకోవడం ఇద్దరినీ అలసటకు గురిచేస్తుంది.

చిన్న ఊళ్లలో ఇంకో ఒత్తిడి, తప్పించుకునే చోటు లేకపోవడం. అరసవల్లి గుడిలో, రైతుబజారులో, మేనత్త కొడుకు పెళ్లిలో క్లయింటు ఎదురవుతుంది. మొదటి సమావేశంలోనే ఒక మాట అనేయడం మంచిది: "బయట కనిపిస్తే నేనుగా పలకరించనండి, మీ గుట్టు కోసమే. మీరు పలకరిస్తే మామూలుగానే మాట్లాడతాను." వాట్సాప్‌కు వేరే సిమ్ ఉండాలి. సాయంత్రం ఆరు తర్వాత దానిలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి-మానస్ నంబరు 14416 చెప్పే సందేశం దానంతటదే వెళ్లేలా పెట్టుకోవాలి. ఆ ఉచిత సేవ 2022 అక్టోబర్ నుంచి రాత్రీ పగలూ ఉంది. సొంత నంబరు ఒక్కసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు.

విశాఖలో రైలెక్కి రోజూ ఆమదాలవలసకు వచ్చిపోయే సిబ్బంది చాలామంది. ఆ ప్రయాణంలో రోగుల మెసేజీలకు జవాబులివ్వడం మొదలుపెడితే పది గంటల ఉద్యోగం పద్నాలుగు గంటలవుతుంది.

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసేది తోటివాళ్ల బృందం. 1950ల్లో లండన్‌లో మైకేల్ బాలింట్ ఫ్యామిలీ డాక్టర్లతో మొదలుపెట్టిన పద్ధతి ఇక్కడికి బాగా సరిపోతుంది. ఆరు నుంచి పది మంది, పదిహేను రోజులకోసారి, గంట నుంచి గంటన్నర, ఎప్పుడూ అదే రోజు అదే వేళ. శ్రీకాకుళం, విజయనగరం మధ్య దూరం సుమారు 70 కిలోమీటర్లే కాబట్టి రెండు జిల్లాలవాళ్లూ కలవచ్చు, అప్పుడు ఒకే ఆసుపత్రి రాజకీయాలు అడ్డురావు. ఒకరు ఫైలు లేకుండా ఒక రోగి గురించి ఐదు నిమిషాలు చెబుతారు. అరుదైన జబ్బు రోగి అక్కర్లేదు. ఎవరి పేరు జాబితాలో చూడగానే నీరసం వస్తుందో ఆ రోగి. మరో ఐదు నిమిషాలు అర్థంకాని సంగతులు అడుగుతారు. తర్వాత చెప్పినవారు కుర్చీ వెనక్కి జరుపుకుని మౌనంగా కూర్చుంటారు. మిగిలినవాళ్లు అరగంట మాట్లాడుకుంటారు: ఆ రోగికి ఎలా అనిపిస్తుండొచ్చు, ఈ డాక్టరుకు ఎలా అనిపిస్తుండొచ్చు. సలహా ఇవ్వకూడదు. చివరికి చెప్పినవారు కుర్చీ ముందుకు జరుపుకుని, మాట్లాడాలనిపిస్తే మాట్లాడతారు.

ఎక్కడ చెడుతుందో కూడా తెలిసిందే. ఎవరో ఒకరు "ఒలాంజపిన్ పెంచి చూశారా?" అంటారు, అంతటితో అది కేసు చర్చగా మారిపోతుంది. నడిపేవారు అక్కడే ఆపాలి. పై అధికారి కూర్చుంటే ఎవరూ నోరు విప్పరు, ఎంత మంచివారైనా బయటే ఉండాలి. ఈ జిల్లాల్లో అందరూ అందరికీ ఏదో వరస అవుతారు కాబట్టి రోగి ఊరు, కులం, వృత్తి మార్చే చెప్పాలి. నాలుగో సమావేశానికి వచ్చేవాళ్లు ముగ్గురు మిగులుతారు, అది డ్యూటీగా లెక్కలోకి రాకపోతే. జిల్లా కార్యాలయం నుంచి లిఖిత ఉత్తర్వు తెచ్చుకున్నాకే మొదలుపెట్టాలి. కాంట్రాక్టు మీద ఉన్న కౌన్సెలర్లను, గ్రామ క్లినిక్‌లో ఉండే ఎంఎల్‌హెచ్‌పీలను (మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందిని) కూడా ఇందులో కూర్చోబెట్టాలి. అందరికంటే ముందు వినేది వాళ్లే, అందరికంటే తక్కువ శిక్షణ ఉన్నదీ వాళ్లకే.

రోగి ఆత్మహత్య చేసుకున్నప్పుడు

అమెరికాలో 1988లో వచ్చిన అధ్యయనాల్లో సుమారు సగం మంది సైకియాట్రిస్టులు, ఐదుగురిలో ఒకరికి పైగా సైకాలజిస్టులు తమ రోగిని ఇలా పోగొట్టుకున్నామని చెప్పారు. అంటే ఈ వృత్తిలో ఇది జరిగే సంగతే. అయినా చాలా ఆసుపత్రుల్లో దానికి ముందే రాసిపెట్టిన పద్ధతి కనిపించదు. వార్త వాట్సాప్ గ్రూపులో వస్తుంది, పది నిమిషాల్లో "ఎవరు చూశారు ఆ కేసు?" అని ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నే చాలాకాలం మిగిలిపోతుంది.

పద్ధతి ఇలా ఉండాలి. చికిత్స చేసినవారికి ఒక సీనియర్ స్వయంగా చెప్పాలి, గ్రూపులో కాదు. ఆ రోజు మిగిలిన ఓపీ మరొకరు చూడాలి. పాత నోట్సులో ఒక్క అక్షరం కూడా దిద్దకూడదు. తెలిసిన విషయాలను ఆనాటి తేదీతో కొత్తగా రాయాలి. కుటుంబాన్ని ఒకసారి కలవడం చాలావరకు ఇద్దరికీ మేలు చేస్తుంది, అయితే రోగి గోప్యంగా చెప్పినవి చనిపోయాకా గోప్యమే. మొదటి మూడు రోజుల్లో తాను ఎంచుకున్న తోటివారితో మాట్లాడే అవకాశం ఇవ్వాలి. అందరినీ కూర్చోబెట్టి ఆ గంటలు మళ్లీ బలవంతంగా చెప్పించడం మంచిది కాదు, అలాంటి ఒక్కపూట చర్చలతో మేలు కనిపించలేదని, కొందరికి కీడే జరగొచ్చని పరిశోధనలు చూపించాయి. ఏం జరిగిందో పరిశీలించే సమావేశం రెండు నుంచి నాలుగు వారాల తర్వాత, ఓదార్పుతో కలపకుండా విడిగా పెట్టాలి. తర్వాతి నెలల్లో ఆ డాక్టరు చిన్న అనుమానానికి కూడా ప్రతి రోగినీ విశాఖకు పంపేస్తుంటే, అది జాగ్రత్త కాదు, భయం. ఎవరైనా పక్కన కూర్చుని రెండు మూడు కేసులు కలిసి చూడాలి.

సిబ్బందే జబ్బుపడితే సొంత ఊళ్లో చూపించుకోలేరు. ఓపీ గుమాస్తాకు తెలిస్తే సాయంత్రానికి వీధికి తెలుస్తుంది. పక్క జిల్లాలోనో విశాఖలోనో ఒక డాక్టరును ఆరోగ్యంగా ఉన్నప్పుడే మాట్లాడి పెట్టుకోవడం మేలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ఇచ్చే గోప్యతా హక్కు రోగికెంతో, రోగి అయిన డాక్టరుకూ అంతే. సెలవు మీద వెళ్లేముందు ఒక్క పేజీ రాసి అప్పగించాలి: క్లోజపిన్, లిథియం మీద ఉన్నవాళ్ల పేర్లు, వాళ్ల తర్వాతి రక్తపరీక్ష తేదీ, గత మూడు నెలల్లో ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లు, ఎవరికి ఎవరు ఫోన్ చేయాలో. ఆ పేజీ ఉంటే సెలవులో ఉన్న మనిషికి ఆసుపత్రి నుంచి ఫోన్ రాదు.